తోట వైపు గది

దండెం మీద ఆఖరి చొక్కా ఆరేస్తూ, ఫోనును భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టి, "గది నాకేనండీ" అందామె. అవతల హోటల్ రిసెప్షన్లో ఉన్నాయన మళ్లీ అడిగాడు.

"మీకేనా? వెంట ఎవరొస్తారమ్మా?"

"ఎవరూ రారు. నేనొక్కదాన్నే."

ఆ మాట నోట్లోంచి ఊడిపడ్డాక ఆమెకే గమ్మత్తుగా అనిపించింది. చేతిలో క్లిప్పు జారి కింది అంతస్తువాళ్ల సన్‌షేడ్ మీద పడింది. పడితే పడిందిలే అనుకుంది.

గదులు బుక్ చెయ్యడం ఆమెకు కొత్తేమీ కాదు. పద్దెనిమిదేళ్లుగా ఆఫీసులో ఆమె పనే అది. ఎవరు ఏ ఊరు వెళ్లినా టికెట్టు, గది, స్టేషన్ దగ్గర కారు అన్నీ ఆమే చూడాలి. అందరూ టూర్ల మేడం అంటారు. డైరెక్టరుగారికి మెత్తటి దిండు పడదు. చీఫ్ ఇంజనీరుకి గదిలో లిఫ్టు చప్పుడు వినబడిందంటే, మర్నాడు ఆఫీసంతా ఆయన చప్పుడు వినాలి. ఇంకొకాయనకి గది ఎంత బాగున్నా ఏదో ఒక వంక దొరకాల్సిందే. దొరక్కపోతే నిద్ర పట్టదు. అందుకని ఆయనకెప్పుడూ ఓ చిన్న వంక ఉన్న గదే చూసి ఇస్తుంది. ఇంతమందిని ఇన్ని ఊళ్లు తిప్పిన టూర్ల మేడం తను మాత్రం ఉద్యోగం పని మీద ఊరు దాటింది లేదు. ట్రైనింగు వచ్చినప్పుడల్లా "మీకు ఇంట్లో ఇబ్బంది కదా మేడం" అని వాళ్లే జాలిపడి, వాళ్లే ఆమె పేరు కొట్టేసి, వాళ్లే వెళ్లొచ్చేవారు. వాళ్ల గదులు మళ్లీ ఆమే బుక్ చేసేది. ఈసారి బుకింగులకు కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. ఆ పని ఆమెకు తప్ప ఇంకొకరికి తెలియదు. ఇంక జాలిపడడానికి దారి లేకపోయింది. ఆరు గంటల రైలు ప్రయాణం, మూడు రోజుల ట్రైనింగు, గది ఖర్చు ఆఫీసుదే.

ఆ సంగతి ఇంట్లో చెప్పిన రోజున భర్త టీవీ మీంచి చూపు తిప్పకుండానే తేల్చేశాడు. "అక్క వాళ్లింట్లో దిగు." అత్తగారు వెంటనే అందుకుంది. "ఆడబిడ్డ ఇల్లుండగా హోటల్లో దిగితే నలుగురూ ఏమనుకుంటారు?" ఆ నలుగురూ ఎవరో, పెళ్లయిన ఇరవై రెండేళ్లలో ఒక్కరైనా ఆమె కంటబడలేదు.

వదిన ఇల్లు ఆమెకు తెలియనిది కాదు. నాలుగేళ్ల కిందట ఓ పెళ్లికని ఇంటిల్లిపాదీ వెళ్లి అక్కడ అయిదు రోజులున్నారు. వదిన మంచిదే, మాట తూలేది కాదు. కానీ వంటగది ఇరుకు. స్టవ్ దగ్గర వదిన, సింకు దగ్గర తను, వీపుకి వీపు ఆనించి అయిదు రోజులు నిలబడ్డారు. ముందుగదిలోంచి టీ కావాలని కేక వినబడితే ఇద్దరూ ఒకేసారి గిన్నె కోసం చెయ్యి చాచేవారు. ఏ చెయ్యి ఎవరిదో తెలిసేది కాదు. తిరుగు ప్రయాణంలో బస్సు ఊరి పొలిమేర దగ్గర సిగ్నల్లో ఆగినప్పుడు, కిటికీలోంచి పెద్ద ఇనుప గేటు, దాని వెనక కనుచూపు మేర పచ్చదనం కనబడ్డాయి. అది అందరూ తిరిగే తోట. గేటుకి దగ్గరగా బెంచీ మీద ఒకామె కూర్చుని ఉంది. చెప్పులు విప్పి పక్కన పెట్టుకుని, కాళ్లు బారచాపి, చేతిలో పుస్తకం గానీ ఫోను గానీ లేకుండా ఊరికే కూర్చుంది. ఎవరి కోసమో ఎదురు చూస్తున్నట్టు కూడా లేదు. సిగ్నల్ పడి బస్సు కదిలినా, మెడ పట్టేసేదాకా తను వెనక్కి తిరిగి ఆమెనే చూసింది. ఆ ఊరినించి ఇంటికి తెచ్చుకున్నది ఆ ఒక్కటే.

ఇప్పుడా తోట పక్కన హోటల్ ఉందేమోనని వారం రోజులుగా వెతుకుతోంది. స్టేషన్ ఎదురుగా ఒకటుంది, ట్రైనింగు జరిగే చోటికి ఆనుకుని ఊరి నడిబొడ్డున ఇంకొకటుంది. ఇంకెవరికైనా అయితే కళ్లు మూసుకుని రెండోది ఇచ్చేసేది. తన దగ్గరికొచ్చేసరికి కళ్లు తెరుచుకున్నాయి. ఊరి చివర, మూడంతస్తుల చిన్న హోటల్ ఒకటి దొరికింది. 'తోటకు అతి సమీపం' అని రాసుకున్నారు. అలాంటి రాతలు ఆమె ఎన్ని చూడలేదు! సమీపం అన్నచోట మూడు మైళ్లుంటుంది, విశాలం అన్నచోట మంచం చుట్టూ పక్కకు తిరిగి నడవాలి. అందుకే అన్నీ గుచ్చి గుచ్చి అడిగింది.

"నడిచి ఎన్ని నిమిషాలండీ?"

"నాలుగు. మా వాకిట్లోంచి గేటు కనిపిస్తుంది."

"మధ్యలో పెద్ద రోడ్డు దాటాలా?"

"అక్కర్లేదమ్మా. గేటు పొద్దున ఆరింటికే తీస్తారు. ఊళ్లోకి వెళ్లే బస్సు ఎదురుగానే ఆగుతుంది, అరగంట ప్రయాణం." ఆయన ఏదో రాసుకుంటున్న చప్పుడు. "మీ వారి నంబరు చెప్పండి, ఫారంలో వెయ్యాలి."

"మగవాళ్లు ఒక్కళ్లే దిగితే వాళ్లావిడ నంబరు వేస్తారా?"

ఆయన నవ్వేశాడు. "లేదమ్మా."

"అయితే నాదే వెయ్యండి."

"అలాగే. మీకింకేమైనా ప్రత్యేకంగా కావాలా? అందరికీ ఏదో ఒకటుంటుంది కదా."

గట్టి దిండా, మెత్తటి దిండా? తనకేది ఇష్టమో తనకే తెలియదు. ఇంట్లో అందరూ తీసుకోగా మిగిలినదే ఆమె దిండు. ఫ్యాను వేగంగా తిరగాలా, నెమ్మదిగానా? అది భర్తకు పట్టే చెమటను బట్టి తిరుగుతుంది. డెబ్బై మంది ఇష్టాయిష్టాలు నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు, వాళ్లలో తను లేదు. అయినా ఆమెకు కలిగింది భయం కాదు. బడి పిల్లకి మొదటిసారి అమ్మ చెయ్యి వదిలినప్పుడు కలిగే సంబరం.

"కిటికీ తెరుచుకోవాలి" అంది, వెతికి వెతికి. "తోట వైపు కిటికీ. ఇంకా... పొద్దున గదిలోకి టీ తెచ్చిస్తారా?"

"ఎన్నింటికి తెమ్మంటారు?"

"నేను లేచినప్పుడు."

ఆ సాయంత్రం అన్నం వడ్డిస్తూ చెప్పేసింది. భర్త కంచంలో చెయ్యి ఆపాడు.

"ఊరవతలా? తోటలో ఏముంది, చెట్లేగా! మన బాల్కనీలో లేవా?"

"రెండు కుండీలున్నాయి."

"ఒక్కదానివి అక్కడ ఏం చేస్తావు?"

"ఏమీ చెయ్యను."

"ఏమీ చెయ్యకపోవడానికి అంత దూరం వెళ్లాలా?"

"ఇంట్లో కుదరడం లేదుగా మరి" అంది, ఇంకో గరిటె వడ్డిస్తూ.

ఆయన లేచి చెయ్యి కడుక్కుని అక్కకి ఫోను చేశాడు. "నువ్వే చెప్పు దానికి" అన్న మాట వంటగదిలోకి స్పష్టంగా వినబడింది. ఆమె గిన్నెలు తోముతూ, ఎప్పుడూ పాడని పాటేదో సగం సగం కూనిరాగం తీసింది.

మర్నాడు ఆఫీసులో పదకొండింటికి వదిన ఫోను చేసింది. ఆమె నిటారుగా కూర్చుని నాలుగు సాకులు వరసగా పేర్చుకుని ఎత్తింది. అవతల నీళ్ల ధార చప్పుడు. పక్కవాళ్లకి మాట వినబడకుండా వదిన కుళాయి తిప్పి పెట్టినట్టుంది.

"మా ఇంటికి రావడం లేదటగా?"

"అదేం కాదు వదినా, ట్రైనింగుకి పొద్దున్నే వెళ్లాలని..."

"నాకు అబద్ధాలు చెప్పకు. నీ వీపు నాకు తెలుసు." వదిన గొంతు ఇంకా తగ్గించింది. "ఆ తోట మా ఇంటికి మూడు స్టాపులు. ఈ ఊరొచ్చి ఇరవై ఆరేళ్లయింది. ఒక్కసారి వెళ్లాను, పిల్లల్నీ వాళ్ల నీళ్ల సీసాల్నీ మోసుకుని. చెట్లు చూసిన గుర్తు లేదు. నీ గదిలో రెండు మంచాలుంటాయా?"

పేర్చుకున్న సాకులన్నీ కూలిపోయాయి. ఆ సంతోషం వెనకే చిన్న దిగులు. ఒకే గది అయితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. వదిన ముందే లేచి తన దుప్పటి మడత పెడుతుంది. తను లేచి వదినకు టీ పోస్తుంది. ఇద్దరి చేతులూ ఊరుకోవు. ఆ మూడు రోజులూ వంటగదిగా మారిపోతాయి.

"ఒక్క నిమిషం లైన్లో ఉండండి" అని, టేబుల్ మీది ఆఫీసు ఫోను తీసి హోటల్‌కి కలిపింది. పద్దెనిమిదేళ్ల అనుభవం, నిమిషం పట్టలేదు.

"వదినా, మీకు వేరే గది. నా పక్కదే. అదీ తోట వైపే. దాని డబ్బు నేను కడతాను."

నీళ్ల చప్పుడు ఆగిపోయింది.

"నాకొక్కదానికా?"

"మీకొక్కదానికే. మరి అన్నయ్యగారికి ఏం చెప్తారు?"

"ఏముంది, తమ్ముడి భార్య ఒంటరిగా దిగుతోంది, తోడుండొద్దూ అంటాను. మగవాళ్లకి ఆ మాట బాగా నచ్చుతుంది." వదిన కిసుక్కున నవ్వింది. ఇన్నేళ్లలో ఆ నవ్వు వినడం అదే మొదలు. తర్వాత వదిన చాలా మెల్లిగా అడిగింది.

"గది తాళం ఎవరి దగ్గరుంటుంది?"

"మీ దగ్గరే వదినా."