నేను అచ్చేసిన కాగితం

అక్కకి జ్వరమని తెలిసి పరిగెత్తుకొచ్చిన నన్ను బావ గుమ్మం బయటే ఆపేసి, ముఖం ముందు ఒక కాగితం ఊపాడు.

"ఫోన్లో తిరిగే చెత్త కాదమ్మా ఇది. అచ్చులో ఉంది, చూడు. మీ అక్కని ఆరోగ్యశాఖ శిబిరానికి పంపేది లేదు."

నేను చూడక్కర్లేదు. దాన్ని అచ్చేసింది నేనే. ఎబోలా భయంతో ఊరు ఊరంతా వణుకుతున్న రోజుల్లో ఎవరో పెద్దమనిషి నా జిరాక్స్ షాపుకొచ్చి చేతిరాత చీటీ ఇచ్చాడు. ఉప్పునీళ్లు తాగించి, ఉప్పునీళ్లతో ఒళ్లు తుడిస్తే జబ్బు దిగిపోతుందట. ఆరోగ్యశాఖ శిబిరానికి వెళ్తే మాత్రం తిరిగి రారట. నమ్మానా? లేదు. అయినా అక్షరదోషాలు దిద్ది, పైన ప్లస్ గుర్తు పెట్టి, చుట్టూ గీత గీసి ఐదువందల కాపీలు తీశాను. పని శుభ్రంగా చేస్తానని నాకు పేరు. ఆ పేరు తగలెయ్య!

"బావా, అది నేను టైప్ చేసిందే. ఒక్క ముక్క నిజం లేదు."

"నిజం కాకపోతే ఎందుకు అచ్చేశావు మరి?"

లోపల అక్క మళ్లీ వాంతి చేసుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. మూడు రోజుల నుంచీ ఇదే వరస.

ఆరోగ్యశాఖ నంబరు కొట్టాను. ఎంగేజ్. మళ్లీ కొట్టాను, మళ్లీ మళ్లీ కొట్టాను. పదిహేనోసారికి ఒక నర్సు ఎత్తింది. స్పీకర్ ఆన్ చేశాను.

"అక్కడికొస్తే బతుకుతుందా?" బావ అరిచాడు.

"ఎంత త్వరగా వస్తే అంత ఆశ ఉంటుందండీ. తప్పకుండా బతుకుతారని మాత్రం చెప్పలేను. అసలు ఆ జబ్బో కాదో పరీక్ష చేస్తేగానీ తెలీదు."

దాచకుండా అన్న ఆ "చెప్పలేను" మాటకే బావ మెత్తబడ్డాడు. నా కాగితంలో అలాంటి మాట ఒక్కటీ లేదు.

"బండి పంపించండి," అన్నాడు.

"పంపుతాం. అందాకా ఆవిణ్ణి ఎవరూ ముట్టుకోకండి. ఇప్పటిదాకా ఒట్టి చేతులతో ముట్టుకున్నదెవరు?"

"నేను... గంటగంటకీ ఒళ్లు తుడవాలని కాగితంలో రాసుందిగా."

"మీరొక్కరేనా?"

బావ గుమ్మంలోకి చూశాడు. "నేను పనికెళ్లినప్పుడు... మా పాప. ఏడేళ్లు."

నా గొంతు వినిపించిందేమో, పాప తడిచేతులు గౌనుకి తుడుచుకుంటూ బయటికొచ్చింది. "పిన్నీ!" అంటూ నా మీదికి ఉరికింది.

నేను వెనక్కి అడుగేశాను.