పేర్లు పలుకుతూ నడిచిన మ్వారింగా

జుమ్వాను చంపింది కరీసా ఒక్కడే కాదు, మీరు కూడా. వ్యాయామం గదికి తాళం వేసి అందులో అట్టపెట్టెలూ మీ ఇంటి పాత సోఫా దాచుకున్న ఆసుపత్రి పెద్దసారూ, మీరు. "గుర్తు తెలియని గుంపు" అని రాసి కలం జేబులో పెట్టుకున్న పోలీసయ్యా, నువ్వు. కంచెకు ఆనుకుని చేతులు కట్టుకుని చూసిన ముజియేని ఊరివాళ్ళారా, మీరందరూ. ఏం జరిగిందో వరసగా వినండి. మధ్యలో లేచిపోవద్దు.

మ్వారింగాకు డెబ్బై రెండేళ్ళు. నలభై ఏళ్ళు కొబ్బరిచెట్లెక్కి కల్లు గీసిన మనిషి. జనవరిలో ఒక పొద్దున కల్లుబుర్ర భుజానికెత్తుకుంటుంటే రొమ్ము మీద ఎవడో సమ్మెటతో మోదినట్టయింది. రెండో దెబ్బకు మోకాళ్ళ మీద పడ్డాడు, మూడో దెబ్బకు నోట్లో మట్టి. తాలూకా ఆసుపత్రిలాంటి సబ్ కౌంటీ ఆసుపత్రిలో మూడు వారాలు పడుకోబెట్టి పంపించారు. బతికాడు గానీ మనిషి సగం కూడా మిగల్లేదు. మంచం మీంచి లేవాలంటే భార్య జుమ్వా చంకల కింద చేతులు పెట్టి లాగాలి. పెరట్లోకి వెళ్ళొస్తే కుక్కలా రొప్పేవాడు. తొడలు ఎండిపోయి కర్రపెండలం దుంపల్లా అయ్యాయి.

గుండె దెబ్బతిన్న ముసలివాళ్ళను మళ్ళీ నడిపించడానికి ఆ ఆసుపత్రిలో దామా అని ఒక పిల్ల ఉంది. ముప్పై దాటలేదు. అంతకుముందు ఒక గది ఉండేది, గోడ పొడుగునా పట్టుకోవడానికి కర్ర, రెండు పీటలు, ఎక్కిదిగడానికి ఒక చెక్క. మార్చిలో పెద్దసారు దానికి తాళం వేశాడు. ముసలాళ్ళు నడవడానికి గదెందుకు, వాళ్ళ ఊళ్ళల్లో నేల లేదా అన్నాడట. దామా ఎదురు చెప్పింది, అరిచింది, ఏడ్చింది. చివరికి బోడాబోడా అనే కిరాయి మోటారుసైకిలెక్కి ఏడుగురు రోగుల ఇళ్ళకు తనే తిరగడం మొదలుపెట్టింది.

మ్వారింగా వాకిట్లో ముప్పై అడుగుల దూరంలో రెండు గూటాలు పాతింది. ముసలి కళ్ళకు కనపడాలని పై కొసలకు ఎర్రరంగు పూసింది. ఈ గూటం నుంచి ఆ గూటానికి వెళ్ళి రావడం ఒక తిరుగుడు. పొద్దున ఎండ ముదరకముందు నడవాలి. తర్వాత పీట మీద కూర్చుని లేవాలి, చేతులు ఆనించకుండా.

"నడుస్తూ మాట్లాడగలగాలి తాతా," అంది. "మాట రాకపోతే గుండె మీద బరువు ఎక్కువైనట్టు. అప్పుడు తగ్గించు. పాట పాడేంత సుళువుగా ఉందనుకో, నన్ను మోసం చేస్తున్నట్టు."

మ్వారింగా లెక్క ఆయాసంలో నాలుగు దాటగానే చెదిరిపోయేది. అందుకని ఒక్కో తిరుగుడుకు ఒక్కో పేరు పెట్టుకున్నాడు. గూటం దగ్గర తిరిగినప్పుడల్లా ఆ పేరు పైకి అనేవాడు. మాటా వస్తుంది, లెక్కా తప్పదు. మొదటి తిరుగుడు జుమ్వాది. ఊపిరి బాగా ఆడుతున్నప్పుడే నా పేరు పిలుస్తావన్నమాట, అలిసిపోయాక ఎవర్ని పిలుస్తున్నావో వింటూనే ఉన్నాలే అని ఆమె దెప్పేది. మొదట్లో నాలుగు పేర్లే. ఏప్రిల్‌లో ఆరు. తనవాళ్ళు, తర్వాత తమ్ముడివాళ్ళు. గుండె గట్టిపడేకొద్దీ కొత్త పేర్లు కావలసి వచ్చాయి.

తప్పు అక్కడే జరిగింది. కొసకు ఎర్రరంగున్న గూటం అంటే ఆ సముద్రతీరపు ఊళ్ళల్లో సర్వే గూటం. అది దిగిందంటే నేల చేతులు మారినట్టే. ఆ సంగతి దామాకు తట్టలేదు, ఆమె పట్నంలో పెరిగింది. మ్వారింగాకు తట్టాలి, తట్టలేదు. అతని తలంతా తన కాళ్ళ మీదే ఉంది.

పక్కింట్లో ఉండేది చనిపోయిన తమ్ముడి కొడుకు కరీసా. పెదనాన్న కన్ను మూయగానే ఆయన నేల తనదవుతుందని, దాన్ని పగడపురాయి దిమ్మెలు కోసే క్వారీకి ఇస్తానని వాళ్ళకు మాట ఇచ్చేశాడు. జనవరిలో పెదనాన్న కూలబడినప్పుడు వాడి ముఖంలో ఏడుపు లేదని జుమ్వా చూసింది. ఇప్పుడు ముసలాడు లేచి తిరుగుతున్నాడు, వాకిట్లో గూటాలున్నాయి.

"పెదనాన్నా, ఈ నేల ఎవరికి కొలిచి ఇస్తున్నావ్?"

"కొలవడమేంట్రా, నడుస్తున్నా."

"నడవడానికి గూటాలెందుకు? నేనేమన్నా పిచ్చోణ్ణా?"

జవాబు జుమ్వా చెప్పింది. "దొడ్డికి పోవాలంటే నేను మోసుకెళ్ళాల్సొచ్చిన మనిషి నేల కొలిచి అమ్ముతాడంట. క్వారీవాళ్ళని వెంటబెట్టుకొచ్చి చెట్లు లెక్కబెట్టించింది నువ్వా, ఆయనా?"

కరీసా గూటాలు రెండూ పీకి విసిరాడు. మర్నాడు జుమ్వా రాయి పెట్టి కొట్టి మళ్ళీ దించింది. ఆ వారంలోనే ఎవరో జుమ్వావాళ్ళ మేక గొంతు కోసి గూటానికి కట్టి పోయారు. రక్తం కారి మన్ను నల్లబడింది. జుమ్వా ఊరి మీద సర్కారు పెట్టిన చీఫ్ దగ్గరికి పోతే కుటుంబం గొడవ కుటుంబంలోనే తేల్చుకోమన్నాడు. ఆమె వచ్చి మేకను కోసి కూర వండింది. మ్వారింగా ఆ పొద్దున కూడా నడిచాడు. ఎనిమిది తిరుగుళ్ళు.

జూన్‌లో పదకొండుకు చేరాడు. తొమ్మిదో పేరు కరీసా, పదోది కరీసా పెళ్ళాం, పదకొండోది వాళ్ళ నాలుగేళ్ళ కూతురు న్యేవు. ఆ పిల్లంటే మ్వారింగాకు ప్రాణం. అలిసిపోయాక ఆ పేరు అంటే ఇంకో పది అడుగులు పడేవి.

పదకొండు చేరిన నాలుగో రోజు న్యేవుకు మలేరియా జ్వరం తగిలింది. ఊరి దవాఖానాలో మందు లేదు, రెండు నెలలుగా లేదు. మూడో రోజు ఫిట్స్ వచ్చి పిల్ల తల్లి ఒళ్ళోనే పోయింది.

కరీసా ఏడ్చాడు. అది దొంగేడుపని ఎవరూ అనొద్దు, నేలకేసి తల బాదుకున్నాడు. కానీ పాతిపెట్టి వచ్చిన సాయంత్రం కల్లు దుకాణం దగ్గర నిలబడి లెక్క చెప్పాడు. ముసలాడు రోజూ తెల్లారి గూటాల మధ్య తిరుగుతూ మా పేర్లు పిలుస్తున్నాడు, నా కూతురి పేరు పిలిచిన వారంలో నా కూతురు పోయింది, చావాల్సినవాడు ఎవరి ఊపిరి తాగి లేచాడో మీరే చెప్పండి అన్నాడు. జనం తలలూపారు. ముసలాడి తల తెల్లగా ఉంది. ఆ ఊళ్ళో చేతబడి మాట పుట్టడానికి తెల్లవెంట్రుకలే చాలు. అందుకే ముసలాళ్ళు సగంమంది తలకు నల్లరంగు పూసుకుంటారు. మ్వారింగా పూసుకోలేదు.

నడక మానేయమని జుమ్వా బతిమాలింది. మానితే మళ్ళీ నువ్వే మొయ్యాలి, నీ నడుము విరిగింది అన్నాడు. పేర్లన్నా మానెయ్యి అంది. దానికి ఒప్పుకున్నాడు. మర్నాడు పొద్దున పెదవి కదపకుండా నడిచాడు.

అప్పటికే ఆలస్యమైంది. ఆరో తిరుగుడులో ఉండగా కరీసా వచ్చాడు, వెంట ఇద్దరు క్వారీ కూలీలు, ముగ్గురి చేతుల్లో పొడుగు కత్తులు. సూర్యుడు కొబ్బరిమట్టల పైకి వచ్చేశాడు, అందరి ముఖాలూ అందరికీ కనిపిస్తున్నాయి. కరీసా వేసిన మొదటి వేటు ముసలాడి ఎడమ భుజం మీద పడింది, ఎముక దాకా దిగి ఇరుక్కుంది. ఒక కూలీ వేసిన రెండో వేటుకు అడ్డం పెట్టిన చేతిలోంచి రెండు వేళ్ళు ఎగిరి దుమ్ములో పడ్డాయి. మ్వారింగా పడిపోయాడు. పడ్డవాడి కడుపులో తన్నారు. మంత్రాలు చెప్పరా ఇప్పుడు అన్నాడు ఒక కూలీ.

జుమ్వా మొక్కజొన్న దంచుతోంది. రోకలితోనే వచ్చింది. అరవలేదు. మంత్రాలు చెప్పమన్నవాడి దవడ మీద కొట్టింది. పళ్ళు రాలిన చప్పుడు కంచె దాకా వినిపించింది. రెండోవాడు వెనక్కి తగ్గాడు. మళ్ళీ రోకలి ఎత్తింది. కరీసా కత్తి పెదనాన్న భుజంలో ఉంది, చేతులు ఖాళీ. వాడు గూటం పీకి పెద్దమ్మ నెత్తి మీద కొట్టాడు. ఆమె మోకాళ్ళ మీద కూలింది. "చిన్నప్పుడు నిన్ను ఎత్తుకున్నానురా," అంది. వాడు ఇంకోసారి కొట్టాడు.

కంచె అవతల ఇరవైమంది. ఒక్క కాలు కదల్లేదు.

ఆ రోజు దామా రావలసిన రోజు. ఆమె బండి చప్పుడు వినగానే ముగ్గురూ పరిగెత్తలేదు, నడిచి వెళ్ళారు. దామా తన నడుముకు చుట్టుకున్న లేసో గుడ్డ చింపి గాయాలు కట్టింది. సాయం పట్టమని కంచెవైపు అరిస్తే ముఖాలు తిప్పుకున్నారు. జుమ్వా దారిలోనే, బండి మీద, దామాకూ డ్రైవరుకూ మధ్యన పోయింది. ఆ బండే వెనక్కి వచ్చి మ్వారింగాను ఆసుపత్రికి చేర్చింది.

పోలీసు ఆసుపత్రిలో మ్వారింగా మంచం దగ్గరికి వచ్చాడు. మ్వారింగా కరీసా పేరు చెప్పాడు, తండ్రి పేరూ ఇల్లూ చెప్పాడు.

"అతని పేరు రాస్తే నీ పేరూ రాయాలి పెద్దాయనా. నీ మీద చేతబడి ఫిర్యాదు ఉంది. ఎందుకొచ్చిన గొడవ?"

అని గుర్తు తెలియని గుంపు అని రాసుకుపోయాడు. కరీసా ఆ మధ్యాహ్నం ఇంట్లోనే భోంచేశాడు.

మ్వారింగా గోడవైపు తిరిగి పడుకున్నాడు. మూడో రోజు కూర్చోబెడదామని దామా వస్తే చెయ్యి విదిలించాడు. లేవకపోతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుందంది. చేరనీ అన్నాడు. ఎవరికోసం నడవాలి, ఎక్కడ నడవాలి, ఆ వాకిట్లోనా అన్నాడు.

దామా మెల్లగా, కోపంగా చెప్పింది. "నీ మీద చేతబడి మాట పుట్టినప్పటి నుంచే మిగతా ఆరుగురూ నడక మానేశారు తాతా. వాళ్ళ వాకిళ్ళలో నేను పాతిన గూటాలు వాళ్ళే పీకి పొయ్యిలో పెట్టుకున్నారు. ఇద్దరు తలకు రంగేశారు. కాచే అనే ముసల్ది పోయిన నెల తనే నీళ్ళు తెచ్చుకునేది, ఇప్పుడు మంచంలోనే ఒంటికి పోతోంది. నేను వెళ్తే తలుపు తియ్యట్లేదు. గది ఉండుంటే ఇదేదీ జరిగేది కాదు."

మ్వారింగా కాళ్ళు కిందికి దించాడు. భుజం కుట్లు లాగి కట్టు ఎర్రబడింది. కూర్చోమంది, లేచాడు. కారిడార్లో గోడ పట్టుకుని, ఆమెను పట్టుకుని, మధ్యలో రెండుసార్లు ఆగి, ఆ తాళం వేసిన గది దాకా వెళ్ళాడు. పెద్దసారు ఆఫీసు ఎదురుగానే. గడప మీద అడ్డంగా కూలబడ్డాడు. నర్సులు పోగయ్యారు. పెద్దసారు బయటికొచ్చి, రక్తం చూసి, ఈయన్ని వార్డుకు తీసుకెళ్ళండన్నాడు. ఎవరూ ముందుకు రాలేదు, ఎందుకంటే ముసలాడు మాట్లాడుతున్నాడు. ఊపిరి తెగుతోంది గానీ మాట తెగలేదు.

"నా పెళ్ళాన్ని పాతిపెట్టలేదింకా. ఆ పోలీసును మళ్ళీ పిలిపించు, కరీసా పేరు రాయమను, నా పేరు కూడా రాసుకోమను, కోర్టులోనే తేల్చుకుంటా. దవాఖానాలో జ్వరం మందు పెట్టించు. నీ సోఫా నీ ఇంటికి మోయించుకో. మిగతా ఆరుగురికీ బండి పంపి రప్పించు. తాళం తియ్యి. రేపు కాదు, ఈ పూటే తియ్యి."