అగ్గిపెట్టె దేశం ఒప్పుకోలేదు

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురు. దేశాల మధ్య ఒప్పందాలకు మాటలు కూర్చే పిన్ని, ఆవిడ కూర్చిన ప్రతి మాటకూ వంక పెట్టే బాబాయి, కంటి ఆపరేషన్ అయి నల్లద్దాలతో తిరుగుతున్న అమ్మమ్మ, అందరూ ఉడత అని పిలుచుకునే, నోట్లో నాలుక లేని పిల్ల. ఉడత పిన్నికి అక్క కూతురు. చదువు కోసం వాళ్ళింట్లోనే ఉంటోంది. పిల్లిని కూడా కలిపితే ఐదుగురు. కానీ పిల్లి ఏ దేశమూ కాదు.

ఆ ఇంట్లో ఒక అలవాటుంది. పిన్నికి పెద్ద సమావేశం ఉన్న రోజు పొద్దున్నే భోజనాల బల్ల చుట్టూ దేశాలు పుట్టుకొస్తాయి. ఎవరి ముందు ఏ వస్తువు ఉంటే అదే వాళ్ళ జెండా. బాబాయిది టీ కెటిల్ దేశం. కృత్రిమ మేధ యంత్రాలు తయారుచేసే గొప్ప దేశం కాబట్టి కుర్చీలో దిండు వేసుకుని అందరికంటే ఎత్తుగా కూర్చున్నాడు. అమ్మమ్మది కళ్ళజోడు పెట్టె దేశం, ఆ గొప్పలో కెటిల్ దేశానికి పోటీ. ఉడత ముందు అగ్గిపెట్టె. ఆ దేశం యంత్రాలు తయారుచేయదు, కొనుక్కుని వాడుకుంటుంది. ఇన్నేళ్ళలో అగ్గిపెట్టె దేశం నోరు తెరిచి ఒక్క మాట అన్నది లేదు.

పిన్ని కళ్ళు ఉబ్బి ఉన్నాయి. మధ్యాహ్నం జరిగేది ఆఖరి సమావేశం. ఈసారి కూడా ఒప్పందం మీద సంతకాలు పడకపోతే, దానికోసం వేసిన కమిటీని ఎత్తేస్తారు. పెద్ద దేశాలు దాదాపు దారికొచ్చాయి. చిన్న దేశాలే, ఎందుకో చెప్పకుండా, ఒక్కొక్కటిగా మీటింగులకు రావడం మానేశాయి.

"సరే, వినండి. ఏ దేశంలోనైనా కృత్రిమ మేధ యంత్రం అదుపు తప్పినా, ప్రమాదకరంగా నడిచినా, ఆ దేశం దాచకుండా మిగతావాళ్ళకి చెప్పాలి. కెటిల్ దేశం ఏమంటుంది?"

బాబాయి మీసం దువ్వాడు. "నేనెందుకు చెప్పాలమ్మా? నా యంత్రం, నా పరువు. రేపు నా సరుకు ఎవడు కొంటాడు?"

"పక్కింట్లో గ్యాస్ లీకైతే వాసన నా ఇంటికి రాదా నాయనా? నువ్వు పరువు చూసుకుంటూ కూర్చో, ఇద్దరం కలిసే పేలిపోదాం" అంది అమ్మమ్మ.

"అత్తయ్యగారు అంతగా చెప్పాక నాదేముంది? ఒప్పుకున్నా."

"మీరలా ఒప్పేసుకోకూడదండీ!" పిన్ని తల పట్టుకుంది. "అక్కడ సమావేశంలో కూర్చునే పెద్దమనిషికి అత్తగారు లేరు."

"అందుకే కాబోలు పాపం, అంత మొండిగా తయారయ్యాడు."

అమ్మమ్మ పడీపడీ నవ్వింది. పిన్ని కూడా నవ్వకుండా ఉండలేకపోయింది. ఆ ఇంట్లో దేశాలతో వచ్చిన చిక్కే అది. యుద్ధానికని కూర్చుంటాయి, రెండో కప్పు టీకల్లా రాజీ పడిపోతాయి. అమ్మమ్మ అడిగితే బాబాయి కాదనలేడు, పిన్ని మొహం చిన్నబోతే అమ్మమ్మ చూడలేదు. అసలు సమావేశంలో బండి ఎక్కడ ఆగిపోతుందో ఈ ప్రేమల మధ్య పిన్నికి ఎన్నడూ తెలిసేది కాదు.

"ఆఖరి మాట చదువుతా. ప్రమాదం సంగతి ముందు యంత్రాలు తయారుచేసే దేశాలకి చెప్పాలి. వాళ్ళు పరీక్షించి తేల్చాక మిగతా దేశాలకి చెప్పాలి. అనవసరంగా కంగారు పుట్టకుండా. అందరికీ సమ్మతమేనా?"

"సమ్మతం" అన్నాడు బాబాయి. "సమ్మతమే" అంది అమ్మమ్మ.

"అగ్గిపెట్టె దేశం ఎప్పుడూ సమ్మతమే. అర్ధాంగీకారం కూడా కాదు, పూర్తి అంగీకారం" అని బాబాయి కెటిల్ ఎత్తబోయాడు.

"కాదు."

ముగ్గురూ తలలు తిప్పారు. ఉడత చెవులు ఎర్రబడ్డాయి. అగ్గిపెట్టెను తెరుస్తోంది, మూస్తోంది.

"ఏంటే, మళ్ళీ చెప్పు" అంది పిన్ని మెల్లగా.

"మీరు పరీక్షించి తేల్చేదాకా మా ఆసుపత్రిలో అదే యంత్రం నడుస్తూనే ఉంటుంది కదా పిన్నీ. అది చెప్పిన మందే మావాళ్ళు మింగుతూ ఉంటారు."

"కంగారు పడతారని కదమ్మా..." అని బాబాయి నచ్చజెప్పబోయాడు.

"అమ్మమ్మ కంటి ఆపరేషన్ సంగతి నాకు చెప్పలేదు." ఉడత అగ్గిపెట్టె మూసేసింది. "పరీక్షలున్నాయి, భయపడతానని. మీ అందరికీ తెలుసు. నేను బడి నుంచి వచ్చేసరికి అమ్మమ్మ కంటికి కట్టు ఉంది. ఏమైందో తెలీక ఇంకా ఎక్కువ భయపడ్డాను. ఆ రాత్రి అన్నం తినలేదు. కడుపునొప్పని చెప్పాను."

ఉడతకు చెప్పొద్దని ఆ రోజు తేల్చింది పిన్నే.

అమ్మమ్మ నల్లద్దాలు తీసి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "పిచ్చితల్లీ, కడుపునొప్పి అంటే వాము నీళ్ళు తాగించాను కదే!"

"తాగాను" అంది ఉడత. బాబాయి నవ్వబోయి ఆగాడు. కుర్చీలోని దిండు తీసి పక్కన పెట్టి, అందరితో సమానంగా కూర్చున్నాడు.

పిన్ని ఉడత దగ్గరికొచ్చి తల నిమిరింది. "తప్పు నాదేనే. అక్కడా నాదే. చిన్నవాళ్ళు కంగారు పడతారని నేనే అనుకున్నాను, వాళ్ళనొక్కసారి అడగలేదు." నిలబడే ల్యాప్‌టాప్ తెరిచి ఆఖరి మాట కొట్టేసింది. ప్రమాదం సంగతి అన్ని దేశాలకూ ఒకేసారి చెప్పాలి, పరీక్ష ఆ తర్వాత అందరూ కలిసి చేయాలి అని కొత్తగా రాసి, చదివి వినిపించింది.

"ఇప్పుడు?"

ఉడత అగ్గిపెట్టెను బల్ల మధ్యకు జరిపింది.

"కెటిల్ వాళ్ళు గొడవ చేస్తారు" అన్నాడు బాబాయి. ఈసారి అతని మాటలో ఎగతాళి లేదు.

"చేయనివ్వండి. వాళ్ళతో పోట్లాడటం నాకు అలవాటే."

పిన్ని కొత్త మాటను చిన్న దేశాల ప్రతినిధులకు పంపింది. చాలాసేపు ఎవరూ పలకలేదు. అమ్మమ్మ కునుకు తీసి, లేచి, తాను నిద్రపోలేదని చెప్పింది. ఎన్నో ఉత్తరాలకు బదులివ్వని ఒక ప్రతినిధి నుంచి చివరికి జవాబొచ్చింది. "ఈ రోజు వస్తున్నాం" అని, అంతే. పిన్ని దాన్ని గట్టిగా చదివి, గబగబా జుట్టు ముడేసుకుని తన గదివైపు నడిచింది.

ఉడత వెనకే వెళ్ళింది. గదిలో తెర మీద అప్పుడే మొహాలు ఒకటొకటిగా కనబడుతున్నాయి. వాటిలో అగ్గిపెట్టె దేశం ఏదో చూడాలని మునివేళ్ళ మీద లేచింది.

"పిన్నీ, సమావేశం అయ్యాక ఏం జరిగిందో ముందు నాకు చెప్తావా?"

"ముందు నీకా?" పిన్ని ఆమె బుగ్గ గిల్లింది. "అందరికీ ఒకేసారి అని పొద్దున్న రాయించింది ఎవరే? అమ్మమ్మకీ, మీ బాబాయికీ, నీకూ కలిపే చెప్తాను. పో."

అని ఆమె ముక్కు మీదే తలుపు వేసేసింది.