పొత్తిగుడ్డలు తెచ్చిందెవరు

గాయకబృందం అంగీలు మొత్తం పన్నెండు. చిన్నపాస్టరమ్మ ఏడోదాన్ని ఇస్త్రీ చేస్తుండగా ఫోను మోగింది. తెల్లారితే క్రిస్మస్.

ఆమె ఆ సంఘంలో సహాయ పాస్టరుగా చేరి అయిదేళ్లు. ఈ అయిదేళ్లలో పిల్లలకు పాఠాలు చెప్పింది, ఆసుపత్రుల్లో రోగుల పక్కన కూర్చుంది, అంగీలు ఇస్త్రీ చేసింది. "ఇలాంటివాటికి ఆడచెయ్యి పడితేనే అందం" అని పెద్దపాస్టరుగారు మెచ్చుకునేవారు. క్రిస్మస్ ప్రసంగం మాత్రం ఎప్పుడూ ఆయనదే. ఎవరైనా ఇంటికొచ్చి "పాస్టరుగారున్నారా?" అంటే "నేనేనండీ" అనేది. "అదేనమ్మా, మీవారు" అనేవాళ్లు. ఆమె భర్త బడిలో లెక్కల మాస్టారు. నలుగురిలో ప్రార్థన చెయ్యమంటే ఆయనకు దగ్గొస్తుంది.

ఫోను చేసింది పెద్దపాస్టరుగారి భార్య. "అయ్యగారి గొంతు పూర్తిగా పోయిందమ్మా. మంచినీళ్లు కూడా సైగ చేసి అడుగుతున్నారు. రేపు ప్రసంగం నువ్వే."

ఆ తరవాతి మాటలు ఆమె చెవికెక్కలేదు. ఇస్త్రీపెట్టె అంగీ మీదే వదిలేసిన సంగతి మాడువాసన వచ్చాక గాని తెలియలేదు.

"అయ్యగారు రాసుకున్నది ఫోనుకి పంపిస్తున్నారు. ఉన్నదున్నట్టు చదివితే చాలని రాసి చూపించారు" అని ముగించిందావిడ.

భర్త పేపర్లోంచి తలెత్తకుండానే విన్నాడు. "చదవడమేగా, అరగంట పని. మరి రేపు వంటో? భోజనానికొచ్చే తమ్ముడూవాళ్లు ఎనిమిదిమంది."

నర్సు ఉద్యోగం మానేసి, పాస్టరు చదువు కోసం వేదాంత పాఠశాలలో చేరతానన్నప్పుడు కూడా ఆయన ఇదే గొంతుతో అన్నాడు, "దేవుడి సేవ చేసుకో, ఎవరొద్దన్నారు? ఇంటిపని అయ్యాకే కదా" అని. వద్దనని మనిషితో పోట్లాడటం ఎంత కష్టమో ఆమెకు అప్పుడే అర్థమైంది.

వంటింట్లో నిలబడి ఆ నాలుగు పేజీలూ చదివింది. క్రిస్మస్ అంటే తగ్గింపు, క్రిస్మస్ అంటే ఇవ్వడం అని రాశారు. నక్షత్రానికి ఒక పేరా, జ్ఞానులకు పేజీన్నర, చోటు లేదన్న సత్రంవాడికి కూడా ఆరు వాక్యాలు. తల్లికి ఒకే ఒక్క వాక్యం: మరియ మౌనంగా లోబడింది. ఆమె అక్కడే ఆగిపోయింది. తొమ్మిదేళ్లు పురుటివార్డులో పనిచేసింది తను. మంచం కమ్మీలు ఊగిపోయేలా పట్టుకున్నవాళ్లను చూసింది, మొగుణ్ణీ అత్తనీ డాక్టర్నీ కలిపి తిట్టినవాళ్లను చూసింది, తన చేతిమీద గోళ్లు దిగేసినవాళ్లను చూసింది, మౌనంగా కన్నవాళ్లను మాత్రం ఒక్కరినీ చూడలేదు. ఆ పిల్ల మరియ కూడా అరిచే ఉంటుంది. పుట్టింటికి దూరంగా, పశువుల మధ్య, తొలికాన్పు. ఎవరో ఒకరు పరిగెత్తుకొచ్చే ఉంటారు. ఎవరు? ఇన్నేళ్లు చదివిన చదువులో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదే, తనకైనా తట్టలేదే అనుకుంటూ ఫోను పక్కన పెట్టేసింది.

అత్తగారు గడప దగ్గర పీటమీద కూర్చుని వెల్లుల్లి వలుస్తోంది. కోడలి ప్రసంగం గురించి ఈ అయిదేళ్లలో ఆవిడ అడిగింది ఒకటే, ఎప్పటికి అయిపోతుందని.

"అత్తయ్యా, మీకు తొలికాన్పు ఎక్కడైంది?"

ఆవిడ చేతులు ఆగాయి. "రైల్వేస్టేషన్లో. మీ ఆయన్నే. పుట్టింటికి పోతూ దారిలో దిగిపోయాం. మీ మామయ్య డాక్టరు కోసమని పోయాడు. ఆయనొచ్చేసరికి పిల్లాడు పాలు కూడా తాగేశాడు."

"మరి మీ దగ్గర ఎవరున్నారు?"

"ప్లాట్‌ఫారం ఊడ్చే మనిషి. పేరు కూడా అడగలేదు. తన దుప్పటి చింపి వాణ్ణి చుట్టింది. నేను అరుస్తుంటే, ఇంకా గట్టిగా అరువమ్మా, ఇక్కడ రైళ్లే అరుస్తాయి, నీకేం అంది." ఆవిడ నవ్వబోయి కళ్లు తుడుచుకుంది. "ఏటేటా గుళ్లో వింటాను. జ్ఞానులు బంగారం తెచ్చారంటారు, సాంబ్రాణి తెచ్చారంటారు. బిడ్డను చుట్టే పొత్తిగుడ్డలు ఎవరు తెచ్చారో, నీళ్లు ఎవరు కాచారో ఒక్కరూ చెప్పరు."

"ఎప్పుడూ అడగలేదేం?"

"ఎవర్ని అడగను? ఆ మైకు ముందు నిలబడ్డవాడు ఎన్నడైనా కన్నాడా?"

కోడలు వెళ్లి ఆవిడ పక్కన నేలమీద కూర్చుంది. "ఈ సంగతి రేపు చెప్పనా?"

అత్తగారు వెల్లుల్లి చేట పక్కకు జరిపింది. "చెప్పు. దుప్పటి సంగతి మర్చిపోకు."

సహాయ పాస్టరును ఉంచాలో తీసెయ్యాలో కొత్త సంవత్సరంలో సంఘపెద్దలు తేలుస్తారు. అది గుర్తుండే ఆమె ఫోను తీసింది. "అయ్యగారూ, మీది చదవలేను. క్షమించండి. రేపు నా ప్రసంగం నేనే చెబుతాను."

అవతల బుసబుసమని గాలి. తరవాత ఆయన భార్య ఫోను అందుకుంది. "ఏదో అంటున్నారమ్మా. చేతులు కూడా ఊపుతున్నారు." గొంతు తగ్గించి అంది, "నాకైతే ఏం వినపడట్లేదు. నువ్వు కానియ్యి తల్లీ."

భర్త వంటింటి గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు. "పెద్దవాళ్లతో గొడవెందుకు? అసలు రేపు వంటెవరు చేస్తారు?"

ఆమె నోరు తెరిచేలోగా అత్తగారు వెల్లుల్లి చేట కొడుకు చేతిలో పెట్టింది. "నువ్వూ మీ తమ్ముడూ. మేం గుడి నుంచి ఆలస్యంగా వస్తాం."

మర్నాడు గుడి కిక్కిరిసింది. అత్తగారు ముందు వరసలో, పెద్దపాస్టరుగారి భార్య పక్కన కూర్చుంది. చిన్నపాస్టరమ్మ మెట్లెక్కి మైకును తన ఎత్తుకు దించుకుంది. చేతిలో కాగితం లేదు. నవ్వొస్తోంది.

"దేవుడు ఈ లోకంలోకి వచ్చి మొట్టమొదట ఏం చేశాడో తెలుసా?" అందామె. "ఒక ఆడమనిషి చేతుల్లో ఏడ్చాడు."