బిందె కూర్చున్న చోటు

గుడివాడ మొత్తం మీద మోటారు సైకిళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉన్న రోజులవి. బళ్లు తక్కువైతేనేం, వాటి మీద కొట్లాటలకి మాత్రం కరువు లేదు. మనుషులకి గోత్రాలున్నట్టు బళ్లకీ గోత్రాలుండేవి. బి.ఎస్.ఏ. వాళ్లదొకటి, ట్రయంఫు వాళ్లదొకటి. ఒకరి పొడ ఒకరికి గిట్టేది కాదు. కాఫీ హోటల్లో చేరారంటే ఎవరి సీటు స్ప్రింగులు మెత్తన, ఎవరిది ఒక్క తన్నుకి లేస్తుంది, డబ్బా పెట్రోలుతో ఎవరు ఎంత దూరం వెళ్లొచ్చారు, ఇదే గోల. ఇంట్లో బియ్యం నిండుకున్నాయని పెళ్లాం చెబితే చెవిన పడని మహానుభావులు, అవతలివాడి బండి గొలుసు కాస్త వదులైతే వీధి చివరి నుంచే వినేవారు.

ఈ రెండు గోత్రాల పెద్దలూ ఒకే ఇంటి బావాబావమరుదులు కావడం లలితాంబ చేసుకున్న కర్మ. మొగుడు మల్లికార్జునరావు గుడివాడ మునసబు కోర్టులో ప్లీడరు, ఆయనది బి.ఎస్.ఏ. అన్న బుచ్చిబాబు బందరులో ఇన్సూరెన్సు ఏజెంటు, అతనిది ట్రయంఫు. ఆదివారం వస్తే చాలు, బుచ్చిబాబు చెల్లెల్ని చూసే వంకన వచ్చి వీధరుగు మీద యుద్ధం మొదలెట్టేవాడు.

"బావా, నీ బండి చప్పుడు విని తిరగలి అనుకుని మా అమ్మ జల్లెడ పట్టుకుని వీధిలోకొచ్చింది."

"నీది వింటే కుట్టుమిషను గుర్తొస్తుంది బావా. ఎలాగూ వచ్చావు, నా లాల్చీ చిరిగింది, రెండు కుట్లు వేసి వెళ్లు."

వంటింట్లో లలితాంబ నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. ఆమెకి స్ప్రింగుల సంగతి తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. ఆ బండి ఆమెకి ఇంకో విధంగా కావాలి.

ఎందుకంటే ఆ ఇంట్లో మొగుడితో మాట్లాడడానికి చోటు లేదు. వీధరుగు నిండా కక్షిదారులు. మధ్య గదిలో అత్తగారు సత్యవతమ్మ. ఆవిడ చెడ్డ మనిషేం కాదు గానీ, పెద్దవాళ్ల ఎదట మొగుడూ పెళ్లాలు ముఖాముఖీ మాట్లాడుకుంటే ఆవిడకి ఒళ్లు మండేది. "మీ అబ్బాయికి మజ్జిగ కావాలేమో కనుక్కోండత్తయ్యా" అనేది లలితాంబ, అబ్బాయి అక్కడే పీట మీద కూర్చునుండగా. రాత్రి గదిలో మాట్లాడుకుందామా అంటే సన్నటి గోడ అవతలే అత్తగారి మంచం. బండెక్కి ఊరు దాటి పామర్రు రోడ్డు మీద పడితే మాత్రం ఆయన వేరే మనిషి అయిపోయేవాడు. కోర్టులో జరిగినవన్నీ గొంతులు మార్చి చెప్పేవాడు. ఆమె ఎవరికీ చెప్పని సంగతులు ఆయన వీపుకి చెప్పుకునేది. పెళ్లయ్యాక తనకి మొగుడున్నాడని లలితాంబకి తెలిసింది ఆ రోడ్డు మీదే.

ఆ కాస్త సుఖం కార్తీకమాసంలో పోయింది.

ఘంటసాలలో చుట్టాల ఇంట వ్రతం ముగించుకుని తిరిగొస్తున్నారు. కూచిపూడి దాటాక రోడ్డు మీద పురుగు లేదు. ఆయన ముందురోజు కోర్టులో బోనెక్కిన ఒక ముసలి సాక్షిని అనుకరిస్తున్నాడు. ఆమె పడీపడీ నవ్వుతోంది. ఎప్పుడు పెట్టిందో ఏమో, ఆమె కుడిచెయ్యి ఆయన భుజం మీద ఉంది. కాలవ వంతెన దగ్గరికి రాగానే ముందు ఒక గూడుబండి కనబడింది. వెనకవైపు కాళ్లు వేలాడేసుకుని, సరిగ్గా వీళ్లవైపే చూస్తూ కూర్చుంది వీధిలోని రావమ్మ. రావమ్మ కంట పడ్డది సాయంత్రానికి ఊరంతా పాకుతుంది. ఆవిడ కంటికి ఆనేలోపే నిప్పు తగిలినట్టు చెయ్యి వెనక్కి లాక్కుంది లలితాంబ. అదే క్షణాన బండి వంతెన ఎక్కుతూ గెంతింది. ఆమె రోడ్డు మీద పడింది. ఎడమ మణికట్టు విరిగింది.

ఎముక అతుక్కుంది గానీ మాటలు ఆగలేదు. "నా ట్రయంఫు అయితే ఆ వంతెన మీద ఊయల ఊగినట్టు వెళ్లేది, నా చెల్లెలు పడేదే కాదు" అన్నాడు బుచ్చిబాబు. "ఆ వంతెన వేసినవాణ్ణి అనండి, బండిని కాదు" అన్నారు బి.ఎస్.ఏ. వాళ్లు. కాఫీ హోటల్లో ఆ గొడవ నెలల తరబడి నడిచింది. సీటు ఎత్తు గురించి, చక్రం వెడల్పు గురించి అందరూ తర్కించారు. పడ్డదాన్ని పిలిచి, నువ్వెలా పడ్డావమ్మా అని ఒక్క మగాడూ అడగలేదు.

అడిగితే మాత్రం ఏం చెబుతుంది? చెయ్యి తీశానంటే, అంతకు ముందు వేశానని ఒప్పుకోవాలి. నడిరోడ్డు మీద, పట్టపగలు, మొగుడి భుజం మీద. అత్తగారి ముందు ఆ మాట అనడం కన్నా రెండో మణికట్టు కూడా విరగ్గొట్టుకోవడం నయమనిపించింది ఆమెకి.

మల్లికార్జునరావు వాలకం చూసి మాత్రం గుండె తరుక్కుపోయేది. ఆయన బండి తుడవడం మానేశాడు. అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలికి లేచేవాడు. ఒక రాత్రి ధైర్యం చేసి ఆయన చెవిలో అసలు సంగతి చెప్పింది. ఆయన ఆమె మణికట్టు నిమిరి, "నన్ను ఓదార్చడానికి అబద్ధాలెందుకు లలితా? పడేసింది నేను" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. పగలంతా కోర్టులో అబద్ధాలు వినేవాడికి ఇంట్లో నిజం కూడా అలాగే వినబడింది. లలితాంబకి ఏడుపొచ్చింది, ఆ వెనకే కోపమొచ్చింది.

పుష్యమాసంలో బుచ్చిబాబు కొత్త ఆలోచనతో దిగాడు.

"ఇలా కాదు బావా, తేల్చేసుకుందాం. మాఘ పౌర్ణమికి ఎలాగూ అందరం హంసలదీవి సంగమస్నానానికి వెళ్తాం కదా. మనిద్దరం మన బళ్ల వెనక సీటు మీద నిండు బిందె కట్టుకుందాం, మూత లేకుండా. ఇక్కణ్ణుంచి అక్కడి పాలకాయతిప్ప దాకా. ఎవరి బిందెలో నీళ్లు ఎక్కువ మిగిలితే వాడిది గెలుపు. ఓడినవాడు బండి అమ్మెయ్యాలి."

"సరే" అన్నాడు మల్లికార్జునరావు, ఎటో చూస్తూ.

వంటింట్లో వంకాయలు తరుగుతున్న లలితాంబ చెయ్యి ఆగిపోయింది. తన చోట బిందె! రావమ్మని చూసి బిందె చెయ్యి తీసేస్తుందా? బిందెకి అత్తగారుందా? బండి అమ్మేస్తే పామర్రు రోడ్డు పోతుంది. ఆ రోడ్డు మీద దొరికిన మొగుడు పోతాడు. ఆ తర్వాత జీవితమంతా "మీ అబ్బాయికి మజ్జిగ కావాలేమో కనుక్కోండత్తయ్యా". కత్తిపీట పక్కకి నెట్టింది. గుసగుసగా చెబితే నమ్మని మనిషికి నలుగురిలో చెప్పాలి, అంతే. తన పరువు తనే తీసుకుని ఏ ఆడదీ అబద్ధం చెప్పదని ఆయనకి మాత్రం తెలియదా? ఆ సాయంత్రం దేవుడి దగ్గర దీపం పెడుతూ ఆమె కోరినది ఒక్కటే, అప్పుడు నోరు పెగలాలని.

పౌర్ణమికి ముందే ఆడవాళ్లు ఎద్దుబండిలో బయల్దేరారు. వీధిలోవాళ్ల బళ్లన్నీ వరసగా కదిలాయి, రావమ్మగారిది అన్నిటికన్నా ముందు. పౌర్ణమి నాడు తెల్లారగట్ల సముద్రంలో మునిగి, ఆవిడ అందరికన్నా ముందే తిరుగు ప్రయాణం కూడా కట్టేసింది. లలితాంబ మూడు మునకలూ వేసి, పొడిచీర కట్టుకుని ఇసుకలో నించుంది. ఒకవైపు కృష్ణ, ఒకవైపు సముద్రం, మధ్యన జనం. ఆమె చూపు మాత్రం కోడూరు నుంచి వచ్చే దారి మీదే ఉంది.

పొద్దెక్కాక వచ్చారు బావాబావమరుదులు. పులిగడ్డ దగ్గర పంటు మీద బళ్లని కృష్ణ దాటించి, చివర ఇసుకలో చక్రాలు కూరుకుపోతే దిగి తోసుకుంటూ, నెత్తి నుంచి కాళ్ల దాకా దుమ్ముకొట్టుకుని వచ్చారు. వెనక సీట్ల మీద చుట్టకుదుళ్లు, వాటి మీద కొబ్బరితాళ్లతో బిగించిన ఇత్తడి బిందెలు. పెళ్లికూతుళ్లని దింపినంత భద్రంగా వాటిని ఇసుకలో దింపారు. స్నానానికొచ్చిన జనం వింత చూడ్డానికి మూగారు.

బుచ్చిబాబు ఒక చీపురుపుల్ల తెచ్చి ఒక బిందెలో ముంచాడు, తర్వాత రెండోదాంట్లో. రెండుసార్లూ తడి ఒకే చోటుకి వచ్చింది. పుల్ల తిప్పి ముంచాడు. అంతే.

"నా బిందె మెడ వెడల్పు బావా, అందుకని తొణికింది. అదీకాక పంటు మీద కాకి వాలి తాగింది. ఆ కాకి తాగిన నీళ్లు నా లెక్కలో కలపాలి."

"కలుపుకో" అన్నాడు మల్లికార్జునరావు. "కాకి నీళ్లు కలుపుకో, నువ్వే గెలిచావు. బిందెలో నీళ్లు ఎన్ని మిగిలితే ఏం బావా? మీ చెల్లెల్ని నమ్మి నా వెనక కూర్చోబెట్టారు, నేను పడేశాను. ఇక ఈ బండి నాకొద్దు. రేపే అమ్మేస్తాను."

బుచ్చిబాబు చేతిలో చీపురుపుల్ల ఇసుకలో పారేశాడు. ఇన్నాళ్లూ ఆట అనుకున్నది ఆట కాదని అతనికి అప్పటికి తెలిసింది.

లలితాంబ జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది. వంగి ఒక బిందె బోర్లించింది. రెండోది బోర్లించింది. నీళ్లన్నీ ఇసుకలో ఇంకిపోయాయి.

"అన్నయ్యా, ఈ బిందెకి సిగ్గుందా?"

"అదేవిటే?"

"నాకుంది. అందుకే పడ్డాను. ఆ రోజు వంతెన దాకా నా చెయ్యి ఆయన భుజం మీదే ఉంది. ముందు బండిలో రావమ్మగారు కనబడ్డారు. అత్తయ్య చెవిన పడుతుందని చటుక్కున తీసేశాను. ఆయన పడెయ్యలేదు. బండీ పడెయ్యలేదు. మీ బండైనా అలాగే పడుండేదాన్ని. మూడు నెల్లుగా స్ప్రింగులనీ చక్రాలనీ కొట్టుకు చస్తున్నారు. ఒక్కరైనా నన్నడిగారా?"

చుట్టూ ఉన్న ఆడవాళ్లలో ఒకరిద్దరు కిసుక్కున నవ్వారు. లలితాంబ మొహం కందగడ్డలా అయింది, అయినా తల దించలేదు. మల్లికార్జునరావు ఆమె మొహంలోకే చూస్తున్నాడు. ఈసారి నమ్మాడు.

సత్యవతమ్మ తడి చీర కుచ్చెళ్లు పిండుకుంటూ వచ్చింది.

"నాకు భయపడి తీశావా చెయ్యి?"

"అవునత్తయ్యా."

ఆవిడ మండిపడింది. "వెర్రిమొహమా! ఎముక విరిగితే విరిగింది గానీ అత్తగారు ఒక మాట అనకూడదా? అంటే ఏమయ్యేది, ఆ మాట పడేదానివి, నేను ఊరుకునేదాన్ని. వాడు నా కళ్ల ముందు చిక్కి సగమైపోయాడే!" కళ్లొత్తుకుని కొడుకు వైపు తిరిగింది. "బండీ లేదు గిండీ లేదు, అమ్మడానికి వీల్లేదు. దీన్ని ఎక్కించుకుని వెళ్లు. నేను బుచ్చిబాబుతో పాటు... వద్దులే, నాకు ఎద్దుబండే చాలు."

మధ్యాహ్నం ఇసుక దాటించి, గట్టి రోడ్డు మీద బండి నిలబెట్టాడు మల్లికార్జునరావు. వెనక సీటు ఇంకా చెమ్మగా ఉంది. లలితాంబ కొంగుతో తుడిచి కూర్చుంది. తీర్థానికి వచ్చే జనం, పోయే జనం, అరటిపళ్లవాళ్లు, గాజులవాళ్లు, అందరూ చూస్తున్నారు. చెయ్యెత్తి ఆయన భుజం మీద వేసింది. ఆ చెయ్యి బరువు తనకే తెలుస్తోంది. సిగ్గు ఎక్కడికీ పోలేదు, ఆమెతో పాటే బండెక్కింది.

దారి పొడుగునా ఇద్దరూ మాట్లాడుకోలేదు. మోపిదేవి దాటారు, చల్లపల్లి దాటారు. కూచిపూడి వెనకబడేసరికి పొద్దు వాలుతోంది. దూరాన కాలవ వంతెన కనబడింది. వంతెన మొదట్లో మెల్లగా పాకుతోంది ఒక గూడుబండి. వెనకవైపు కాళ్లు వేలాడేసుకుని ఎవరో కూర్చున్నారు.

మల్లికార్జునరావు బండి వేగం తగ్గించాడు. "లలితా, రావమ్మగారు" అన్నాడు మెల్లగా. ఆమె చేతికింద ఆయన భుజం రాయిలా బిగుసుకుంది. ఆ చెయ్యి ఇప్పుడు లేస్తుందని ఎదురుచూస్తున్నాడని ఆమెకి అర్థమైంది.

"చూశాను" అంది లలితాంబ.

రావమ్మ కళ్లు ఇంతింత చేసుకుని చూసింది. లలితాంబ ఆవిడ కళ్లలోకే చూస్తూ, పట్టు ఇంకాస్త బిగించింది. చక్రం వంతెన ఎక్కింది, బండి ఎప్పటిలాగే గెంతింది. ఆమె కదల్లేదు. గూడుబండి పక్కనుంచి అవతలి గట్టు మీదకి దిగారు. ఆయన భుజం మెల్లగా సడలింది, ఆ తర్వాత కొద్దిగా అదిరింది. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో వెనకనుంచి తెలియలేదు.

"ఏవండీ" అంది లలితాంబ. "ఆ రోజు ఇక్కడికొచ్చేసరికి మీరు చెప్పేది సగంలో ఆగిపోయింది. ఆ ముసలి సాక్షి మునసబుగారితో ఏవన్నాడు?"

మల్లికార్జునరావు గొంతు సవరించుకుని, ముసలివాడి గొంతు పెట్టి చెప్పడం మొదలెట్టాడు.