రాజు వేషం

గుడియాత్తం నేతగాళ్ల వీధిలో అమ్మవారి జాతరకు ఏటా ఒకటే నాటకం. రాజ్యం వద్దు, అడవికి పోతానన్న కొడుకు మీద రాజు విరుచుకుపడే కథ. రాజు వేషం ఆదిమూలానిది. మూడేళ్లుగా కొడుకు వేషం అతని సొంత కొడుకు జయరాములుదే. కోపం వచ్చే ఘట్టంలో అమ్మవారే రాజు మీదికి వస్తుందని నమ్మకం. అందుకని అతని నడుముకు పంచె మెలేసి కట్టి, వెనక ఒకరు పట్టుకుంటారు. ఆ ఆవేశంలో ఏం జరిగినా తప్పు పట్టకూడదు.

ఆ ఏడు ఆదిమూలం పెళ్లాం మునిరత్నమ్మకు భయం పట్టుకుంది. నాలుగు రోజుల కింద జయరాములు కాట్పాడికి పోయి, రైలు షెడ్డులో పని అడిగి వచ్చాడు. ఒకటో తేదీన రమ్మన్నారట. "మగ్గం గుంతలో నేను దిగను నాయనా" అని తండ్రి మొహం మీదే అనేశాడు. పదహారేళ్లవాడు. కూరలో ఉప్పు తగ్గితే పళ్లెం విసిరే ఆదిమూలం ఆరోజు చెయ్యెత్తలేదు, తిట్టలేదు. అదే ఆమెకు నిద్ర లేకుండా చేసింది.

"ఈ తూరి కొడుకు వేషం ఇంకొకరికి కట్టండయ్యా" అంది మొగుడితో.

"ఊరికి మాటిచ్చినాం. నువ్వు పోయి పడుగుకు గంజి కాంచు, పో."

పంచె పట్టుకునేది పక్కింటి తిరువేంగడం. అతని దగ్గరికి పోయింది. "అన్నా, గెట్టిగా పట్టుకో. వదలొద్దు."

"నీ మొగుడేమన్నా పులా? సుమ్మా, ఊరికే ఉండు చెల్లీ" అని నవ్వాడతను. "ఒక దెబ్బ పడితే పిల్లోడికి రైలు పిచ్చి దిగుతాది లే."

సందెవేళ వీధి నిండా జనం. ఆదిమూలం గొంతు మద్దెలను మించి లేచింది.

"రాజ్యం ఏలుతావా, ఏలవా?"

"ఏలను తండ్రీ."

గుడ్డలు కూరిన గద వీపున పడింది. పిల్లలు నవ్వారు. రెండోసారీ అంతే. మూడోసారి జయరాములు జనం వైపు చూడలేదు, తండ్రి కళ్లలోకే చూశాడు.

"ఏలను."

ఈసారి "తండ్రీ" అనలేదు.

ఆదిమూలం ఆగి, గద కింద పడేశాడు. ఆర్కాడు నుంచి బాడుగకు తెచ్చిన అద్దాల కిరీటాన్ని రెండు చేతులా తీసి తిరువేంగడానికి ఇచ్చాడు. దాన్ని అందుకోవడానికి అతను పంచె వదిలేశాడు. ఆదిమూలం ఉత్త చేత్తో కొడుకు ఎడమ చెవి మీద కొట్టాడు. పడ్డవాణ్ణి లేపి మళ్లీ అక్కడే కొట్టాడు. మద్దెల జోరందుకుంది. ఆడవాళ్లు చేతులు జోడించారు. పరిగెత్తబోయిన మునిరత్నమ్మను వెనక్కి లాగి, "అమ్మ వచ్చిండాది, ముట్టగూడదు" అన్నారు.

కళ్లు మూసుకుని వెనక్కి ఒరిగిన ఆదిమూలం, మొహాన నీళ్లు కొట్టాక కళ్లు తెరిచాడు. "నాకేమీ తెల్దు. అమ్మ ఏం చేయించిందో ఏమో" అన్నాడు. జనం అతని కాళ్లకు మొక్కుతున్నారు.

"తెల్దా?" అంది మునిరత్నమ్మ, కొడుకు చెవి నుంచి కారే నెత్తురు కొంగుతో అదుముతూ. "మరి కిరీటం పగలకుండా తీసిపెట్టింది ఎవరయ్యా? అమ్మవారా, నువ్వా?"

ఎవరో ముసలాయన, "ఆడదాన్ని ఇంటికి తీసకపోండి" అన్నాడు.

ఒకటో తేదీ తెల్లవారగానే ఆదిమూలం నూలు తేవడానికి వేలూరు బయలుదేరాడు. ఆమె చద్దన్నం మూట కట్టింది.

"లేయ్ నాయనా, ఇదే సమయం. నేను చెప్పుకుంటా లే."

జయరాములు మూట వంక చూశాడు. "వద్దు మా."

"మళ్లీ రమ్మనరు వాళ్లు."

"వద్దన్నా గదా." పోయి మగ్గం గుంతలో దిగి కూర్చున్నాడు.

అమ్మవారు పిల్లవాడి బుద్ధి తిప్పిందని వీధంతా చెప్పుకుంది. వేలూరు నుంచి వచ్చి ఆ మాట విన్న ఆదిమూలం, అన్నం రెండుసార్లు అడిగి పెట్టించుకుని తిన్నాడు.

మర్నాడు మునిరత్నమ్మ కొడుకుకు ఎడమ పక్కన కూర్చుని కండెలు చుడుతూ, "జయరామా" అని పిలిచింది. పలకలేదు. మగ్గం చప్పుడనుకుంది. పోగు తెగి మగ్గం ఆగింది. మళ్లీ పిలిచింది, ఈసారి గట్టిగా.

జయరాములు తల వంచుకుని పోగు ముడి వేసుకుంటూనే ఉన్నాడు.