కొమురవ్వకు కప్పిన శాలువా

నేను ఒక శాలువాను. చలికి కప్పుకునే రకం కాదు, సన్మానానికి కప్పే రకం. నాలో ఉన్ని లేదు, పట్టు లేదు. మరమగ్గం మీద పాలిస్టర్ దారంతో నేశారు. అంచులో మెరిసేది ప్లాస్టిక్ జరీ. నేసిన మనిషి ఒకేసారి నాలుగు మగ్గాలు చూసుకునేవాడు. ఏ మగ్గం మీద దారం తెగితే ఆ మగ్గం దగ్గరికి నడిచేవాడు. అతని భుజం మీద ఒక తువాలు ఉండేది. మేము గుట్టలుగా అతని ముందు నుంచే లారీ ఎక్కేవాళ్లం. మాలో ఒకదాన్ని అతని భుజం మీద వేయాలని ఎవరికీ తోచలేదు, అతనికి కూడా.

మా పని ఇది. వేదిక మీద ఒక మనిషి భుజాల మీద పడాలి. ఫొటో అయ్యేదాకా జారకుండా ఉండాలి. ఆ మనిషి దిగేటప్పుడు మడతపడి చంకలోకి చేరాలి. తరువాత మమ్మల్ని ఎవరూ వాడరు, అలాగని పారేయరు కూడా. సన్మానాలు జరిగే మనుషుల ఇళ్లలో మాకోసం బీరువా ఉంటుంది. అక్కడి నుంచి ఇంకొకరి సన్మానానికి వెళతాం. అలా నేను ఒక ఎమ్మెల్యే కారులోంచి ఒక డాక్టరు ఇంటికి, డాక్టరు ఇంటి నుంచి బదిలీపై వెళ్తున్న ఒక అధికారి భుజాల మీదికి వెళ్లాను. ప్రతిచోటా నన్ను కప్పినవాళ్లు ‘ఈ సన్మానం మాకు మేము చేసుకున్నట్టు’ అన్నారు. ఆ మాటలో అబద్ధం లేదు.

చివరికి ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ కరస్పాండెంటు దగ్గరికి చేరాను. ఆయన పేరు జనార్దనరావు. కాలేజీ ఆయనది, హాస్టలు ఆయనది. టీచర్స్ డే నాడు ఎవరో నన్ను ఆయనకు కప్పారు. ఆయన గదిలో గాజు తలుపుల బీరువా ఒకటి ఉంది. పై అరలో మెమెంటోలు, కింది అరలో మేము. నాలుగు నెలల క్రితం ఆ గదిలో నేను విన్న విషయం ఇది.

హాస్టల్ వెనక సెప్టిక్ ట్యాంకు నిండింది. దుర్గయ్య అనే మనిషి అందులో దిగి ఊపిరాడక చనిపోయాడు. ట్యాంకులోకి మనిషిని దించడం చట్టప్రకారం నేరం. అందుకని కాలేజీ ఒక మాట నిర్ణయించుకుంది. దుర్గయ్యను ఎవరూ పిలవలేదు, తాగి వచ్చాడు, మూత తీసి ఉంటే పడిపోయాడు. వార్డెను ఈ మాటను ఆ గదిలో కరస్పాండెంటు ముందు రెండుసార్లు చెప్పి చూసుకున్నాడు. రెండోసారి తడబడలేదు.

హాస్టల్ విద్యార్థుల్లో కొందరు దుర్గయ్య నడుముకు తాడు కట్టుకుని దిగడం చూశారు. వాళ్లను ఎవరూ అడగలేదు. వాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

ఆ తరువాత కాలేజీలో సదస్సు పెట్టారు. ‘మానవ హక్కులు – సామాజిక న్యాయం, రాష్ట్రస్థాయి విద్యార్థి సదస్సు’. కాలేజీలకు గ్రేడు ఇచ్చే కమిటీ రాబోతోంది, సదస్సులు జరిపితే మార్కులు వస్తాయి. విద్యార్థుల తరఫున కన్వీనరుగా రజితను పెట్టారు. ఆమె పొలిటికల్ సైన్సు చివరి సంవత్సరం చదువుతోంది, క్లాసులో ఫస్టు. రజిత కార్యక్రమ వివరాలు రాసుకుని కరస్పాండెంటు గదికి వచ్చింది. ఆయన చదువుతూ ఒకచోట ఆగాడు.

“ఎవరమ్మా ఈ కొమురవ్వ?”

“దుర్గయ్య భార్య సార్. మన హాస్టల్ల చనిపోయిండు గదా.”

“హాస్టల్ల కాదు. హాస్టల్ ఎనక.”

“ట్యాంకు హాస్టల్‌దే గద సార్.”

ఆయన కోప్పడలేదు. నవ్వాడు. “పాపం, మైకు ముంగట నిలబెడితే ఏడుస్తది. మాట్లాడిపిచ్చుడు వద్దు. సన్మానం చేద్దాం. ఆమెకూ గౌరవం, మనకూ గౌరవం.”

రజిత కాసేపు ఆలోచించి సరేనంది. ఆమె లెక్క నాకు తరువాత అర్థమైంది. మన సభల్లో ఒక ఆనవాయితీ ఉంది. శాలువా కప్పించుకున్న మనిషికి మైకు ఇస్తారు. దాన్ని సన్మాన స్పందన అంటారు. రజిత చిన్నప్పటి నుంచి స్కూల్లో, కాలేజీలో చూసిన ప్రతి సన్మానంలోనూ అదే జరిగింది. బహుమతులు పుచ్చుకునే పిల్లలు చేసే పొరపాటే ఆమె చేసింది. వేదిక ఎక్కితే చాలు, మాట దొరుకుతుందనుకుంది.

సదస్సు రోజు ఉదయం నన్ను బీరువాలోంచి తీసి, ఇస్త్రీ చేసి, స్టీలు పళ్లెంలో పెట్టారు. పక్కన పూలదండ, మెమెంటో. పళ్లెం వేదిక పక్కన బల్ల మీద ఉంది. బల్ల దగ్గర కుర్చీ అంచు మీద ఒకామె కూర్చుంది. ఆమే కొమురవ్వ. చీర ఉతికి కట్టుకుంది, బొట్టు లేదు. నావైపు చూసి రజితను అడిగింది.

“బిడ్డా, నాకు సన్మానమెందుకు? మొగడు సచ్చినందుకా?”

“గది పేరుకే పెద్దమ్మా. శాలువ కప్పినంక మైకు ఇస్తరు. అప్పుడు అడుగు నువ్వు.”

“హాస్టల్ పోరగాండ్లు అందరు వచ్చిండ్రా?”

“ముంగటి వరుసలల్ల కూసోబెట్టిన.”

“గట్లయితే మంచిగైంది. వార్డెను సారు ఫోన్ జేస్తె నేనే ఎత్తిన. పొద్దుగాల చాయ్ తాగుతుండె మాయన. రమ్మన్నరు, పోయిండు. ఇంతే జెప్త. జెప్పి, మీల ఎవలన్న జూసిండ్రా బిడ్డా అని అడుగుత. మొఖాలు జూసి అడిగితె ఒక్కడన్న లేస్తడు. లేవడా?”

“లేస్తరు పెద్దమ్మా.”

“ఒక్కడు లేస్తె సాలు. ఎంక్వయిరీ జేసే ఆర్డీవో సారు గదే అడుగుతుండు. సూసినోళ్లు లేకుంటే పిలిచిండ్రని ఎట్ల రాయాలె అంటుండు.”

ఆ ఉదయం కొమురవ్వకు కావలసింది ఇదొక్కటే. ఒక ప్రశ్న అడిగేంత సమయం, ఆ హాల్లో, ఆ విద్యార్థుల ముందు.

సభ మొదలైంది. జనార్దనరావు అధ్యక్షత వహించాడు. మనిషి మలాన్ని మనిషి ఎత్తిపోయడం ఈ దేశానికి సిగ్గుచేటు అన్నాడు. విద్యార్థులు చప్పట్లు కొట్టారు. ముఖ్య అతిథి ఒక రిటైర్డ్ జడ్జి. ఆయన రాజ్యాంగ పీఠికను కంఠస్థంగా చెప్పి, గౌరవంగా బతికే హక్కు గురించి వివరించాడు. ఆయనది మంచి ప్రసంగం. దుర్గయ్య సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. వేరే కాలేజీల విద్యార్థులు పత్రాలు చదివారు. హాలు కిటికీలోంచి హాస్టల్ వెనక గోడ, దాని కింద కొత్తగా పోసిన సిమెంటు పలక కనిపిస్తున్నాయి. ఎవరూ అటు చూడలేదు. హాస్టల్ వాళ్లు మరీ చూడలేదు.

భోజనాల వేళకు సన్మానాలు వచ్చాయి. వ్యాఖ్యాత తెలుగు లెక్చరరు. ఆయన పేరు పేరునా పిలిచాడు. జడ్జికి ఒకటి, ఒక ప్రొఫెసరుకు ఒకటి, పత్రాల్లో మొదటి బహుమతి వచ్చిన అమ్మాయికి ఒకటి. ఆఖరున “సమాజ పరిశుభ్రత కోసం ప్రాణాలర్పించిన శ్రామికుని సతీమణి” అన్నాడు. పేరు కోసం కాగితం చూసుకుని “శ్రీమతి కొమురమ్మ గారు” అన్నాడు.

జనార్దనరావు నన్ను పళ్లెంలోంచి తీసి రెండు చేతులా విప్పి ఆమెకు కప్పాడు. ఆమె భుజాలు నా కింద బిగుసుకుపోయి ఉన్నాయి. నేను అప్పటిదాకా ఎక్కిన భుజాలన్నీ నేను పడగానే కొంచెం పైకి లేచేవి. ఇవి లేవలేదు. ఫొటోగ్రాఫరు “అమ్మా, దండం పెట్టుండ్రి, ఇటు సూడుండ్రి” అన్నాడు. ఆమె అతను చెప్పినట్టు చేసింది. పక్కన జనార్దనరావు కూడా చేతులు జోడించాడు. లైటు వెలిగింది.

ఆమె మైకు వైపు తిరిగింది. అప్పుడు వ్యాఖ్యాత అన్నాడు. “సమయాభావం వల్ల సన్మాన గ్రహీతలందరి పక్షాన జడ్జి గారు స్పందిస్తారు.”

జడ్జి లేచి, అందరి పక్షాన కృతజ్ఞతలు చెప్పి కూర్చున్నాడు.

కొమురవ్వ వేదిక దిగలేదు. “నేనొక్క మాట అడుగుత సారు” అంది. మైకు లేని మాట మొదటి వరుస దాకా పోయి ఉంటుంది. వ్యాఖ్యాత మైకులో “ఆ తల్లి దుఃఖాన్ని మనం అర్థం చేసుకోగలం, మీ కరతాళ ధ్వనులతో ఆమెకు ధైర్యం చెప్పండి” అన్నాడు. హాలంతా చప్పట్లు కొట్టింది. నిలబడి కొట్టారు. ఆమె పెదవులు కదులుతూనే ఉన్నాయి. ఆమె భుజాల మీద ఉన్న నాకే మాట వినపడలేదు.

రజిత కింద నుంచి అరిచింది. “సార్, ఆమెను మాట్లాడనియ్యుండ్రి! ఆమెకు మైకు ఇయ్యుండ్రి!”

జనార్దనరావు మైకు అందుకున్నాడు. గొంతు పెంచలేదు. “రజితా, నువ్వు కన్వీనరువు. అతిథుల ముంగట గిట్లనేనా? హక్కుల గురించి పొద్దుగాల నుంచి మాట్లాడినం, బాధ్యతల గురించి గూడ ఆలోచించాలె.” తరువాత అదే గొంతుతో అన్నాడు. “భోజనాలు రెడీగున్నయి. వెజ్ ఎడమ దిక్కు, నాన్‌వెజ్ కుడి దిక్కు.”

కుర్చీలు కదిలాయి. రజితను ప్రిన్సిపాల్ గదికి తీసుకుపోయారు. కొమురవ్వ ఎటు దిగాలో తెలియక, వచ్చినవైపే దిగింది. ఎవరో ఆమె చేతిలో బిర్యానీ ప్లేటు పెట్టారు. ఆమె గోడకు ఆనుకుని నిలబడింది. నన్ను తీయడం ఆమెకు గుర్తు లేదు.

ఒక విద్యార్థి చేతులు కడుక్కోవడానికి అన్నట్టు నల్లా దాకా వచ్చి, ఆమె పక్కన ఆగాడు. ఆమెవైపు చూడకుండా మాట్లాడాడు.

“నేను సూసిన పెద్దమ్మా. తాడు నేనే పట్టుకున్న.”

ఆమె ప్లేటు కింద పెట్టింది. “నా తోని రా బిడ్డా. ఆర్డీవో సారుకు గీ మాట జెప్పు. ఇంకేం జెప్పకు.”

“హాల్‌టికెట్లు ఇంకా ఇయ్యలే. వార్డెను సారు అందర్ని పిలిచి జెప్పిండు. నోరు తెరిస్తె పరీక్ష రాసుడు లేదన్నడు.”

“ఎవలి కొడుకువు నువ్వు?”

“మా అమ్మ బీడీలు చేస్తది. నాయన లేడు.” అతను నల్లా తిప్పి చేతులు కడిగాడు. “గుంజిన పెద్దమ్మా. శానా గుంజిన. మీ ఆయన బరువున్నడు. తాడు ఊడొచ్చింది.”

కొమురవ్వ అతని చేతి వైపు చూసింది. అరచేతిలో తాడు ఒరిసిన గీత మానింది కానీ పోలేదు. అతని పేరు అడిగింది. అతను చెప్పాడు. “తిన్నవా?” అని అడిగింది. అతను తల అడ్డంగా ఊపి వెళ్లిపోయాడు.

మరునాడు జిల్లా పేజీలో ఫొటో వచ్చింది. కొమురవ్వ, నేను, జనార్దనరావు. కింద ‘శ్రామిక కుటుంబానికి అండగా కాలేజీ’ అని ఉంది.

ఆర్డీవో ఆఫీసులో విచారణ జరిగిన రోజు కొమురవ్వ నన్ను సంచిలో పెట్టుకుని వచ్చింది. వెంట రజిత ఉంది. కన్వీనరు పదవి పోయింది కానీ ఆమె తరువాతి రోజుల్లో కూడా కొమురవ్వ ఇంటికి వెళుతూనే ఉంది. కాలేజీ తరఫున వార్డెను వచ్చాడు. అతను పేపరు కత్తిరింపును ఆర్డీవో ముందు పెట్టాడు.

“సార్, మా మీద కోపమే ఉంటే ఆమె స్టేజీ ఎక్కుతదా? సన్మానం చేయించుకుంటదా? దండం పెట్టింది, సూడుండ్రి.”

ఆర్డీవో ఫొటో చూశాడు. అతను చెడ్డవాడేం కాదు. కొమురవ్వకు కుర్చీ చూపించాడు. “అమ్మా, ఫోన్ వచ్చిందంటున్నవు. ముందు పిలవనే లేదన్నరు, ఫోన్ లెక్క తీసినంక కాలేజీల నల్లా రిపేరుకు పిలిచినమని వీళ్లంటున్నరు. ఆయన ట్యాంకుల దిగుతుంటే సూసినోళ్లు ఎవరన్న ఉన్నరా? ఒక్క పేరు చెప్పు. నేను పిలిపిస్త. పోలీసులను పంపి అయిన పిలిపిస్త.”

రజిత ఆమె వైపు చూసింది. రజితకు ఏమీ తెలియదు. వార్డెను కూడా చూశాడు. అతని చేతిలోని పెన్ను కదలడం ఆగింది.

కొమురవ్వ సంచిని ఒడిలోకి లాక్కుంది. లోపల నా మడతలు నలిగాయి. పరీక్షలు ఇంకా అయిపోలేదని ఆమెకు తెలుసు. వస్తూ బస్సులో రజితను అదే అడిగింది.

“లేరు సారు” అంది. “ఎవలు సూడలే.”

ఆర్డీవో నిట్టూర్చి, టైపిస్టుకు చెప్పడం మొదలుపెట్టాడు. “మృతుణ్ని ట్యాంకులోకి దింపినట్టు ప్రత్యక్ష సాక్షులు లేరని మృతుని భార్య స్వయంగా అంగీకరించింది.” వార్డెను కుర్చీలో వెనక్కి వాలాడు. ఆ మాట అబద్ధమని ఆ గదిలో తెలిసింది ఆమెకు, నాకు, వార్డెనుకు. ముగ్గురిలో ఒక్కరే దానివల్ల నష్టపోయారు.

రజిత ఏడ్చింది. “అడిగితే ఒక్కడన్న లేస్తడంటివి గద పెద్దమ్మా. ఒక్కడు గూడ లేకపాయె. మా కాలేజోళ్లంతా గింతే.”

“గట్లనకు బిడ్డా” అంది కొమురవ్వ.

లేచేటప్పుడు ఆమె నన్ను సంచిలోంచి తీసి వార్డెను ముందు బల్ల మీద పెట్టింది. “ఇది మీదే.” వార్డెను నన్ను ముట్టుకోలేదు. “ఇచ్చినంక మల్ల తీసుకోరమ్మా” అన్నాడు. ఆర్డీవో “ఇది రికార్డుల ఎక్కదు, తీసుకపో” అన్నాడు. ఆమె అప్పటికే తలుపు దాటింది.

రెండు రోజులు బల్ల మీదే ఉన్నాను. తరువాత అటెండరు నన్ను దులిపి ప్రింటరు మీద కప్పాడు. కొలత సరిపోయింది. నేను చేసిన పనుల్లో ఒక వస్తువును దుమ్ము నుంచి కాపాడే పని ఇదే మొదటిది.

రోజూ ఆఫీసు తెరిచాక నన్ను తీసి కుర్చీ మీద వేస్తారు. సాయంత్రం మళ్లీ కప్పుతారు. దుర్గయ్య విచారణ నివేదిక కూడా ఈ ప్రింటరులోంచే వచ్చింది. నాలుగు పేజీలు. టైపిస్టు ఒకసారి పైకి చదివి సరిచూసుకున్నాడు. ప్రమాదవశాత్తు మరణం అని ఉంది. పరిహారానికి అర్హత లేదని ఉంది. సాక్షులు లేరని ఉంది.

పరీక్షలు నిన్న అయిపోయాయట. అటెండరు కొడుకు అదే కాలేజీలో చదువుతున్నాడు. హాస్టల్ పిల్లలంతా ఇళ్లకు పోయారని, ఇక ఈ ఊళ్లో ఉండరని అటెండరు టైపిస్టుతో అన్నాడు. నివేదిక కలెక్టరు ఆఫీసుకు పోయింది. ఫైలు మూసేశారు.